మలిచూలు బిడ్డ కోసం ఎలా సిద్ధపడాలి: చెన్నైలోని తెలుగు దంపతులకు

మొదటి బిడ్డ సహజంగా పుట్టిన ఇంట్లో రెండో బిడ్డ కూడా అలాగే పుడుతుందని అనుకుంటారు. మొదటి బిడ్డ ఐవీఎఫ్ (అండాన్ని శరీరం బయట ఫలదీకరణ చేసే చికిత్స) ద్వారా పుట్టిన ఇంట్లో ఇక చికిత్స లేకుండా నెల తప్పదని అనుకుంటారు. ఈ రెండు నమ్మకాలూ దంపతులకు నష్టం చేస్తాయి. మొదటి నమ్మకం ఉన్నవారు వేచి చూసి, చూసి, వయసు మీద పడ్డాక డాక్టరు దగ్గరికి వెళ్తారు. రెండో నమ్మకం ఉన్నవారు ఏ జాగ్రత్తా తీసుకోక, సిజేరియన్ గాటు పూర్తిగా గట్టిపడకముందే గర్భం వచ్చి కంగారు పడతారు. తొలికాన్పు ఎలా జరిగిందన్నది ఒక ఆధారమే తప్ప హామీ కాదు కాబట్టి, మలిచూలు విషయాన్ని మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చి షోళింగనల్లూరులోనో అంబత్తూరులోనో స్థిరపడిన కుటుంబాలను దృష్టిలో ఉంచుకుని, ఆ పని ఏ వరుసలో చేసుకోవాలో వివరిస్తున్నాను.

పాత కాగితాలన్నీ ఒకచోట చేర్చండి

కొత్త డాక్టరు అపాయింట్‌మెంట్ కంటే ముందు చేయవలసిన పని ఇది. చాలామందికి తొలికాన్పు పుట్టింటి ఊళ్లో జరిగి ఉంటుంది, చికిత్స హైదరాబాదులోనో గుంటూరులోనో అయి ఉంటుంది, ఆ కాగితాలు అమ్మవాళ్ల బీరువాలో ఉండిపోతాయి. డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోకుండా, సిజేరియన్ అయి ఉంటే ఆపరేషన్ నోట్సు నకలు కూడా ఆ ఆసుపత్రిని అడిగి తెచ్చుకోండి. గర్భసంచి మీద గాటు అడ్డంగా పెట్టారా నిలువుగా పెట్టారా, రక్తస్రావం ఎక్కువైందా, లోపల అవయవాలు ఒకదానికొకటి అతుక్కున్నాయా అన్నవి అందులోనే ఉంటాయి. పొట్ట మీద పైకి కనిపించే మచ్చను బట్టి లోపలి గాటు ఏ రకమో చెప్పలేరు.

ఐవీఎఫ్ చేయించుకున్నవారి ఫైలులో చాలామంది తిరగేయని పేజీ ఒకటి ఉంటుంది. ఎన్ని అండాలు తీశారు, వాటిలో పక్వమైనవి ఎన్ని, ఎన్ని ఫలదీకరణ చెందాయి, ఐదో రోజు దాకా ఎన్ని పిండాలు నిలిచాయి, వాటి నాణ్యతకు ‘4ఏబీ’ వంటి ఏ గుర్తు వేశారు, ఏది లోపల పెట్టారు, ఎన్ని ఫ్రీజింగ్‌లో ఉంచారు అన్న వివరాలు ఆ పేజీలో ఉంటాయి. ఏ ఇంజెక్షన్ ఏ మోతాదులో ఇస్తే మీ శరీరం ఎలా స్పందించిందో కూడా దాని పక్కనే రాసి ఉంటుంది. కొత్త డాక్టరుకు ఇది చేతికి వస్తే, గతంలో పనిచేయని మందునే మళ్లీ ప్రయత్నించి ఒక నెల, దానితో పాటు డబ్బు పోగొట్టుకునే అవసరం ఉండదు.

ఎంతకాలం ఆగాలో నిర్ణయించుకోండి

ఒక కాన్పు తర్వాత కనీసం 24 నెలలు ఆగి మళ్లీ గర్భం కోసం ప్రయత్నించడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 6 నెలల లోపు గర్భం వద్దే వద్దని, 18 నెలల లోపు అయితే లాభనష్టాలు డాక్టరుతో మాట్లాడుకోవాలని చెబుతుంది. మొదటిది సిజేరియన్ అయి, రెండోది మామూలు కాన్పు కావాలని కోరుకునేవారికి ఈ వ్యవధి మరీ ముఖ్యం. అడ్డగాటు ఒక్కటే ఉన్నవారిలో నొప్పులు వచ్చినప్పుడు గాటు విడిపోయే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా, రెండు కాన్పుల మధ్య ఎడం బాగా తక్కువైతే అది పెరుగుతుంది.

అయితే ఈ లెక్కను అందరికీ ఒకేలా వర్తింపజేయకూడదు. ఇరవై ఎనిమిదేళ్ల తల్లి రెండేళ్లు ఆగితే పోయేదేమీ లేదు. ముప్పై ఏడేళ్ల తల్లి రెండేళ్లు ఆగి, ఆపై ఏడాది సహజంగా ప్రయత్నించి, అప్పుడు పరీక్షలకు వెళితే నలభైకి చేరుతుంది, ఆ వయసులో అండాల సంఖ్య, నాణ్యత రెండూ తగ్గి ఉంటాయి. అటువంటి తల్లి బిడ్డకు ఏడాది నిండగానే డాక్టరును కలిసి, గాటు పరిస్థితిని, అండాశయాల పరిస్థితిని పక్కపక్కన పెట్టుకుని గడువు నిర్ణయించుకోవాలని నా అభిప్రాయం. ‘ఇంకొకరు ఎప్పుడు?’ అని పెళ్లిళ్లలో అడిగేవారి తొందరను బట్టి మాత్రం ఆ గడువును నిర్ణయించుకోవద్దు.

ఆగే కాలంలో గర్భనిరోధక పద్ధతి తప్పకుండా వాడండి. పాలిస్తున్నంత కాలం నెల తప్పదన్న మాట పూర్తిగా నిజం కాదు. బిడ్డకు ఆరు నెలలు నిండకపోవడం, పగలూ రాత్రీ తల్లిపాలు మాత్రమే ఇస్తూ ఉండడం, నెలసరి తిరిగి రాకపోవడం అన్న మూడూ ఒకేసారి ఉంటేనే ఆ రక్షణ నమ్మదగినది. వాటిలో ఒకటి తప్పినా, మొదటి నెలసరి కనిపించకముందే అండం విడుదలై గర్భం రావచ్చు.

చికిత్సతో బిడ్డ పుట్టినవారికీ ఇదే మాట వర్తిస్తుంది. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 11 అధ్యయనాలను, 5,000కు పైగా స్త్రీల వివరాలను కలిపి పరిశీలించి 2023లో ప్రచురించిన సమీక్షలో, చికిత్స ద్వారా బిడ్డను కన్న ప్రతి ఐదుగురిలో కనీసం ఒకరికి తర్వాత సహజంగా గర్భం వచ్చిందని, అందులో ఎక్కువ భాగం మూడేళ్ల లోపే జరిగిందని తేలింది. మీకు ఆ అవకాశం ఎంతన్నది మొదట చికిత్స ఎందుకు అవసరమైందన్న దానిపై ఆధారపడుతుంది. అండాన్ని గర్భసంచికి చేర్చే ఫాలోపియన్ నాళాలు రెండూ తీసేసినవారికి సహజ గర్భం రాదు. కారణం తెలియని సంతానలేమి అని రాసినవారికి, పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య కారణంగా అండం విడుదల కానివారికి అవకాశం గణనీయంగానే ఉంటుంది.

సహజంగా ప్రయత్నించేటప్పుడు

గర్భం వచ్చే అవకాశం నెలకు ఆరు రోజులు మాత్రమే ఉంటుంది. అండం విడుదలయ్యే రోజు, దానికి ముందరి ఐదు రోజులు అందులోకి వస్తాయి. విడుదల రోజు సాధారణంగా తర్వాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు వస్తుంది కాబట్టి, 28 రోజుల చక్రం ఉన్నవారికి పద్నాలుగో రోజు అయితే, 34 రోజుల చక్రం ఉన్నవారికి ఇరవయ్యో రోజు ప్రాంతంలో పడుతుంది. ఆ రోజుల్లో రోజు విడిచి రోజు కలిస్తే సరిపోతుంది. చిన్నబిడ్డ మధ్యలో పడుకునే ఇంట్లో, ఒకరికి రాత్రి షిఫ్టు ఉన్న ఇంట్లో ఈ ఆరు రోజులే జారిపోతుంటాయి. నెలల తరబడి ప్రయత్నిస్తున్నామని చెప్పే దంపతులను డాక్టరు విడిగా అడిగితే, సరైన రోజుల్లో కలిసింది తక్కువేనని తేలడం కొత్త కాదు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఆ వారం బిడ్డను అమ్మమ్మ దగ్గర పడుకోబెట్టడమో, షిఫ్టు మార్చుకోవడమో మందుల కంటే ముందు చేయదగిన పని.

ఇలా ప్రయత్నించడానికీ ఒక గడువు పెట్టుకోండి. భార్యకు 35 ఏళ్ల లోపు అయితే 12 నెలలు, 35 దాటితే 6 నెలలు, 40 దాటితే గడువే లేకుండా నేరుగా డాక్టరును కలవాలి. నెలసరి క్రమం తప్పినవారు, రెండుసార్లు గర్భస్రావం అయినవారు, మొదటిసారి వీర్యకణాల సంఖ్య బాగా తక్కువని తేలినవారు వయసుతో నిమిత్తం లేకుండా ముందే వెళ్లాలి.

పరీక్షలు ఇద్దరికీ

‘మొదటి బిడ్డకు తండ్రిని నేనే కదా, నాకెందుకు పరీక్ష?’ అన్నది భర్తల నోట తరచుగా వచ్చే మాట. నాలుగైదేళ్లలో బరువు పెరుగుతుంది, మధుమేహం వస్తుంది, సిగరెట్టు అలవాటవుతుంది, వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బే వెరికోసీల్ ముదురుతుంది. వీర్య పరీక్ష ఖర్చు తక్కువ, నొప్పి లేనిది, కాబట్టి భార్యకు ఫాలోపియన్ నాళాల ఎక్స్‌రే తీయించే ముందే ఇది జరగాలి. నమూనా ఇచ్చే ముందు 2 నుంచి 7 రోజులు కలయికకు దూరంగా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ప్రమాణాల ప్రకారం మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల కణాలు, కదిలేవి 42 శాతం అన్నవి కనీస అంకెలు. ఒక్కసారి తక్కువ వచ్చినంత మాత్రాన కుంగిపోవద్దు. వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, మూడు నెలల కిందట వచ్చిన జ్వరం కూడా ఆ ఫలితంలో కనిపించవచ్చు. అలవాట్లు మార్చుకుని మూడు నెలల తర్వాత మళ్లీ చేయించండి.

భార్యకు థైరాయిడ్, ప్రొలాక్టిన్, అండాశయాల స్కాన్, అండాల నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ రక్తపరీక్ష, అవసరమైతే నాళాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే హెచ్ఎస్‌జీ చేస్తారు. ఏఎంహెచ్ తక్కువగా వచ్చిందని రిపోర్టు చూసి ఏడ్చేవారు ఎందరో ఉన్నారు. ఇంజెక్షన్లు ఇస్తే ఎన్ని అండాలు దొరకవచ్చో ఆ అంకె చెబుతుంది కానీ, సహజంగా గర్భం వస్తుందా రాదా అన్నది చెప్పదు. సిజేరియన్ అయినవారు ఒక లక్షణాన్ని డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. నెలసరి ఆగాక కూడా కొన్ని రోజులు గోధుమరంగు మరకలు కనబడుతుంటే, పాత గాటు దగ్గర చిన్న గుంత ఏర్పడి అక్కడ రక్తం నిలుస్తుండవచ్చు. రెండో గర్భం నిలవకపోవడానికి అది కూడా ఒక కారణం కావచ్చు, లోపలి స్కాన్‌లో తెలుస్తుంది.

తొలికాన్పులో వచ్చిన ఇబ్బందులను ముందే సరిచూసుకోండి

మొదటిసారి గర్భంలో సుగర్ వచ్చినవారికి అది కాన్పుతో పోయిందనుకోవడం ప్రమాదకరం. రెండోసారి మళ్లీ రావచ్చు, మధ్యలో అసలు మధుమేహంగానే స్థిరపడవచ్చు. గర్భం రాకముందే గ్లూకోజు తాగించి చేసే పరీక్ష చేయించుకోండి. గర్భం వచ్చాక మన దేశంలో విరివిగా వాడే పద్ధతిలో, తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటల తర్వాత 140 మిల్లీగ్రాములు లేదా అంతకు మించితే గర్భకాలపు మధుమేహంగా లెక్కిస్తారు. ఈ పరీక్ష ప్రతి గర్భిణికీ చేయాలని పట్టుబట్టినవారిలో ముఖ్యులు చెన్నై వైద్యులు డాక్టర్ వి. శేషయ్య. ఆయన పుట్టినరోజైన మార్చి 10ని ఈ వ్యాధిపై జాతీయ అవగాహన దినంగా జరుపుతున్నారు.

మొదటిసారి బీపీ పెరిగి నెలలు నిండకముందే కాన్పు చేయవలసి వచ్చిందా? డాక్టరును మొదటిసారి కలిసినప్పుడే ఆ మాట చెప్పండి, ఎందుకంటే తక్కువ మోతాదు ఆస్పిరిన్ వంటి నివారణ మూడో నెల చివర, నాలుగో నెల మొదట్లోనే ప్రారంభించాలి. తల్లిది నెగటివ్ రక్తవర్గం, బిడ్డది పాజిటివ్ అయితే, కాన్పయ్యాక 72 గంటల లోపు యాంటీ-డి ఇంజెక్షన్ వేశారో లేదో పాత కాగితాల్లో చూసుకుని, ఇప్పుడు యాంటీబాడీల పరీక్ష చేయించుకోండి. తల్లీబిడ్డల రక్తవర్గాలు కలవని ఈ సమస్య మొదటి బిడ్డ కంటే రెండో బిడ్డకే హాని చేస్తుంది. ఫోలిక్ ఆసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు గర్భానికి కనీసం ఒక నెల ముందు నుంచి వాడాలి. మధుమేహం ఉన్నవారికి, మొదటి బిడ్డకు వెన్నుపాము లోపం ఉన్నవారికి డాక్టరు 5 మిల్లీగ్రాముల మాత్ర రాస్తారు.

ఫ్రీజింగ్‌లో పిండాలు ఉన్నవారు

పిండాలను మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచుతారు, కాబట్టి వాటికి వయసు పెరగదు. ముప్పై ఒకటో ఏట దాచిన పిండం మీకు ముప్పై ఆరు వచ్చినా ముప్పై ఒకటో ఏటి పిండమే. అందుకే అవి ఉన్న దంపతులు కొత్తగా అండాలు తీయించుకోవడానికి తొందరపడకూడదు. 2021లో వచ్చిన సంతాన సాఫల్య చికిత్సల నియంత్రణ చట్టం ప్రకారం గరిష్ఠంగా 10 ఏళ్లు మాత్రమే భద్రపరచవచ్చు. చికిత్సకు భార్య వయసు 21 దాటి 50 లోపు, భర్త వయసు 21 దాటి 55 లోపు ఉండాలి. వార్షిక రుసుము నోటీసు పాత అద్దె ఇంటి చిరునామాకు వెళ్లి మీకు అందకుండా పోయే అవకాశం ఉంది కాబట్టి, ఇల్లు మారిన ప్రతిసారీ కేంద్రానికి కొత్త చిరునామా, ఫోన్ నంబరు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

పిండాలు హైదరాబాదులో ఉండి మీరు చెన్నైలో ఉంటే, రెండు దారులు ఉన్నాయి. భార్యాభర్తలిద్దరి లిఖిత అంగీకారంతో ద్రవ నత్రజని డబ్బాలో ఇక్కడి కేంద్రానికి తెప్పించుకోవచ్చు, అయితే రెండు కేంద్రాలూ చట్టం కింద నమోదై ఉండాలి, చట్టం కోరే అనుమతి కూడా తీసుకోవాలి. లేదా స్కాన్‌లు చెన్నైలో చేయించుకుని, పిండాన్ని ప్రవేశపెట్టే రోజుకు మాత్రం అక్కడికి వెళ్లవచ్చు. ఒకటి రెండు పిండాలే ఉన్నవారికి రెండో దారే మేలని నేననుకుంటాను, ఎందుకంటే ప్రయాణంలో జరిగే నష్టాన్ని ఎవరూ తీర్చలేరు.

డాక్టరును రెండు విషయాలు అడగండి. నెలసరి క్రమంగా వచ్చేవారికి హార్మోను మాత్రలతో గర్భసంచిని సిద్ధం చేయడం కంటే సహజ చక్రంలోనే పిండాన్ని పెట్టడం సాధ్యమవుతుందా అన్నది మొదటిది. అండం విడుదల కాకుండా పూర్తిగా మందుల మీద నడిపిన చక్రాల్లో గర్భకాలపు బీపీ సమస్యలు ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఒక్క పిండాన్నే పెడతారా అన్నది రెండోది. ‘ఎలాగూ ఇదే చివరిది, రెండు పెట్టేయండి’ అని అడిగే దంపతులు ఉన్నారు. సిజేరియన్ గాటు ఉన్న గర్భసంచిలో కవలలను మోయడం, ఇంట్లో ఒక చిన్నబిడ్డ ఉండగా నెలలు నిండని ఇద్దరిని సాకడం ఎంత కష్టమో ఆలోచించి ఒక్కదానికే ఒప్పుకోండి.

ఐవీఎఫ్‌తో పుట్టిన మన బిడ్డకు రేపు పిల్లలు పుడతారా అన్న బెంగ తల్లులను వేధిస్తుంటుంది. తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు లూయిస్ బ్రౌన్ 1978లో పుట్టగా, ఆమె చెల్లెలు నటాలీ 1982లో అదే పద్ధతిలో పుట్టింది. నటాలీ 1999లో సహజంగానే తల్లి అయింది.

పిండాలు లేనివారు మళ్లీ ఐవీఎఫ్‌కు వెళ్లేటప్పుడు, గతంలో ఒకసారి ఫలించింది కదా అన్న ఉత్సాహంతో పాటు ఇప్పటి వయసును కూడా లెక్కలో పెట్టుకోవాలి. పాలిచ్చే తల్లి ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు డాక్టరు సలహా మేరకు పాలు మాన్పించవలసి రావచ్చు. ఆ పనిని ఒక్కరోజులో కాక, కొన్ని వారాల్లో ఒక్కో పూట తగ్గిస్తూ చేయండి. సరోగసీని (మరొక స్త్రీ గర్భంలో బిడ్డను మోయించడాన్ని) మాత్రం, బతికి ఉన్న బిడ్డ ఉన్న దంపతులకు 2021 సరోగసీ చట్టం సాధారణంగా అనుమతించదు. ఆ బిడ్డకు మానసిక లేదా శారీరక వైకల్యమో, నయం కాని ప్రాణాంతక వ్యాధో ఉన్నప్పుడే మినహాయింపు ఉంది.

సాఫల్య కేంద్రానికి వెళ్లే రోజు

మొదటి బిడ్డను వీలైనంత వరకు వెంట తీసుకెళ్లకండి. ఆ వరండాలో ఏళ్ల తరబడి ఒక్క బిడ్డ కోసం తిరుగుతున్నవారు ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. మీ పాప కుర్చీల మధ్య పరుగెత్తి వచ్చి అమ్మా అని మీ చీర కుచ్చిళ్లు పట్టుకున్నప్పుడు, ఎదురుగా కూర్చున్నావిడ తల తిప్పుకుని గోడ మీది టీవీ వైపు చూస్తుంది. మీరూ ఒకప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నవారే అయితే ఇది మీకు చెప్పనక్కరలేదు.

అంగీకార పత్రాలు ఇంగ్లీషులోనో తమిళంలోనో ఉంటాయి. అర్థం కాని పేజీ మీద సంతకం పెట్టకుండా, తెలుగు తెలిసిన సిబ్బందిని పిలిపించమని అడగండి. ఖర్చు అంచనాను మందులు, స్కాన్‌లు, ఫ్రీజింగ్ రుసుము విడివిడిగా చూపేలా రాయించుకోండి. ‘మొదట ఆడపిల్ల కదా, ఈసారి మగపిల్లాడు వచ్చేలా చూడమనండి’ అని పెద్దవారు ఎవరైనా అంటే, ఆ మాటను డాక్టరు గది దాకా మోయకండి. లింగ నిర్ధారణ, లింగ ఎంపిక 1994 చట్టం కింద నేరం. అన్నిటికీ మించి, ఇంట్లో ఆడుకుంటున్న పిల్లకు అది వినబడుతుంది.

సెలవు, బీమా

ప్రసూతి సెలవు విషయంలో ఇద్దరు బిడ్డల వరకు 26 వారాల వేతనంతో కూడిన సెలవు చట్టబద్ధమైన హక్కు. ఇద్దరు బిడ్డలు బతికి ఉన్న తల్లికి 12 వారాలే వర్తిస్తుంది కాబట్టి, మొదటి ఐవీఎఫ్‌లో కవలలు పుట్టినవారు రెండో కాన్పుకు ఆ లెక్కనే సెలవు ప్రణాళిక వేసుకోవాలి. బీమా పాలసీలో ప్రసూతి ఖర్చుకు నిరీక్షణ కాలం ఎంతో ఇప్పుడే చదువుకోండి. సొంతంగా కొన్న పాలసీల్లో అది ఏళ్లలో ఉండవచ్చు.

నెల తప్పిన తర్వాత

ఇంటి పరీక్షలో రెండు గీతలు కనిపించాక, చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కించి ఆరు, ఏడు వారాల మధ్య స్కాన్ చేయించుకోండి. సిజేరియన్ అయినవారికి పిండం పాత గాటులో నాటుకోలేదని, నాళం సమస్య ఉన్నవారికి, ఐవీఎఫ్ అయినవారికి గర్భం నాళంలో లేదని రూఢి చేసుకోవడానికి అది తప్పనిసరి. పొట్టలో ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, రక్తం కనబడడం ఉంటే స్కాన్ తేదీ దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఐదో నెల స్కాన్‌లో మాయ గాటు మీద కూర్చుందేమో ప్రత్యేకంగా చూడమని అడగండి. అలా ఉంటే రక్తం నిల్వ ఉండే పెద్ద ఆసుపత్రిలోనే కాన్పు ఏర్పాటు చేసుకోవాలి.

తమిళనాడులో గర్భిణులందరూ గర్భిణుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పిక్మే వ్యవస్థలో చేరి 12 అంకెల సంఖ్య పొందాలి. ప్రైవేటు ఆసుపత్రిలో చూపించుకుంటున్నా ఇది తప్పదు, బిడ్డ పుట్టాక జనన ధ్రువపత్రానికి ఆ సంఖ్య అడుగుతారు. మొదటి బిడ్డకు తీసుకున్న సంఖ్య ఉంది కదా అని ఊరుకోకుండా, మీ వార్డులోని పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని నర్సును కలిసి ఈ గర్భాన్ని కూడా నమోదు చేయించుకోండి. అర్హత ఉన్న పేద కుటుంబాలకు డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరిట ఉన్న రూ.18,000 ప్రసూతి సాయం రెండు కాన్పుల వరకు వర్తిస్తుంది, దానికీ ఈ నమోదే ఆధారం. కాన్పుకు పుట్టింటికి వెళ్లేవారు, జననం ఎక్కడ జరిగితే అక్కడే 21 రోజుల లోపు నమోదు కావాలని గుర్తుంచుకుని, ఇక్కడి సంఖ్య, స్కాన్ రిపోర్టులు, పాత సిజేరియన్ నోట్సు నకలు వెంట తీసుకెళ్లి, ఏడో నెలలోనే ఒకసారి అక్కడి డాక్టరుకు చూపించి రండి.